చేతిఫోనులో విద్యార్జన: ఎవరి మాట వినాలి, ఎలా అడగాలి?

దైవప్రవక్త (స) సహచరులైన హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) గారికి ఒకసారి ఒక హదీసు సంగతి తెలిసింది. దానిని దైవప్రవక్త (స) నోట స్వయంగా విన్న మరో సహచరుడు సిరియా ప్రాంతంలో నివసిస్తున్నారని కూడా తెలిసింది. జాబిర్ (రజి) ఒక ఒంటెను కొన్నారు. ప్రయాణ సామగ్రి కట్టుకుని, నెల రోజులు ప్రయాణించి, అబ్దుల్లాహ్ బిన్ ఉనైస్ (రజి) గారి వాకిట నిలిచారు. విన్నవారి నోటి నుంచే ఆ హదీసును విని నిర్ధారించుకోవాలన్నదే ఆయన కోరిక. ఒక్క మాట కోసం అంత దారి నడిచిన తరం అది. ఇటువంటి ప్రయాణాల గాథలను సేకరించి, హిజ్రీ 463లో మరణించిన ఖతీబ్ బగ్దాదీ (రహ్మలై) ఒక ప్రత్యేక గ్రంథమే రచించారు.

నేడు తిరుమలాయపాలెంలో కూర్చున్న విద్యార్థికి ఒంటె అక్కర లేదు. కైరోలోని పండితుని ప్రసంగం, హైదరాబాద్‌లోని శాస్త్రవేత్త సలహా, అమెరికాలో స్థిరపడిన తెలుగు వైద్యుని వివరణ క్షణాల్లో అతని అరచేతిలోకి వస్తున్నాయి. ప్రయాణం తప్పింది, మంచిదే. కానీ ఆ ప్రయాణం ఏ ప్రశ్న కోసం జరిగిందో ఆ ప్రశ్న కూడా మన ఇళ్లలో తప్పిపోతోంది. ఈ మాట అసలు ఎవరిది? ఆయన దీనిని స్వయంగా చూశారా, విన్నారా, పరీక్షించారా? ఈ ప్రశ్నను విడిచిపెట్టని వారికి చేతిఫోను ఒక పాఠశాల అవుతుంది. విడిచిపెట్టిన వారికి అది కాలాన్నీ, ధనాన్నీ, కొన్నిసార్లు ప్రాణాలనూ హరించే వస్తువు అవుతుంది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఇంతే.

విద్యావలయం అంటే ఏమిటి?

ఒక విషయాన్ని నేర్చుకోవాలనుకునే వ్యక్తి, ఆ విషయం తెలిసిన కొందరిని తనకు తానుగా ఎంచుకుని, వారు రాసేది క్రమంగా చదువుతూ, సందేహం వచ్చినప్పుడు అడుగుతూ, తనకు తెలిసినది ఇతరులకు చెబుతూ ఏర్పరచుకునే సంబంధాల సముదాయాన్ని మనం విద్యావలయం అనవచ్చు. పాఠశాలలో గురువును, తోటి విద్యార్థులను సంస్థ నిర్ణయిస్తుంది. ఇక్కడ వారిని నేర్చుకునేవారే నిర్ణయించుకోవాలి. అందుచేత బాధ్యత కూడా వారిదే.

ఇందుకు ఎక్కువగా ఉపయోగపడుతున్న సాధనాల్లో ఒకటి మైక్రోబ్లాగింగ్, అనగా నాలుగైదు వాక్యాలలో ముగిసే చిన్న రాతలను బహిరంగంగా ప్రకటించే పద్ధతి. 2006లో మొదలైన ట్విట్టర్ దీనికి ప్రసిద్ధి తెచ్చింది. మొదట ఒక్కొక్క రాతకు 140 అక్షరాల పరిమితి ఉండేది. 2017లో చాలా భాషలకు అది 280 అయింది. 2023 నుంచి ఆ వేదిక పేరు ఎక్స్. ఒకే విషయంపై వేర్వేరు వ్యక్తులు రాసినవాటిని ఒకచోట చూసేందుకు పదం ముందు ప్రత్యేక గుర్తు పెట్టే హ్యాష్‌ట్యాగ్ పద్ధతి 2007లో ఇక్కడే ఆరంభమైంది. వాట్సాప్, టెలిగ్రామ్, ఫేస్‌బుక్, యూట్యూబ్ కూడా ఇదే అవసరాన్ని తమ తమ పద్ధతుల్లో తీరుస్తున్నాయి.

వలయం ద్వారా ఎంతమంది నేర్చుకోగలరన్నదానికి ఒక ఉదాహరణ చెప్పవచ్చు. 2008లో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ అనే అధ్యాపకులు ఒక పాఠ్యక్రమాన్ని నడిపారు. రుసుము చెల్లించి చేరిన విద్యార్థులు 25 మంది. తలుపులు తెరిచి ఉంచినందున ప్రపంచం నలుమూలల నుంచి రుసుము లేకుండా చేరినవారు సుమారు 2,200 మంది. వారు తమ తమ వేదికల మీద రాసుకుంటూ, ఒకరి రాతలను మరొకరు చదువుకుంటూ నేర్చుకున్నారు. అధ్యాపకుడు ఒక్కడే అందరికీ సమాధానం చెప్పనవసరం లేకుండా పోయింది.

మన సంప్రదాయంలో ఇది ఉన్నదే

ఈ పద్ధతి సాధనంలో కొత్తది, స్వభావంలో కాదు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) గారి వద్దకు నగర నగరాల నుంచి ప్రజలు వచ్చేవారు. రాలేనివారు ఉత్తరాలు రాసేవారు. ఆమె సంరక్షణలో పెరిగిన ఆయిషా బిన్తె తల్హా ఆ ఉత్తరాలను ఆమెకు వినిపించి, ఆమె ఆదేశం ప్రకారం జవాబులు పంపేవారు. ఈ సంగతిని ఇమామ్ బుఖారీ (రహ్మలై) 'అల్ అదబుల్ ముఫ్రద్' అనే గ్రంథంలో నమోదు చేశారు. ఒక స్త్రీ కేంద్రంగా, ఉత్తరాల ఆధారంగా, నగరాల మధ్య నడిచిన విద్యావలయం అది. ఇంటి గడప దాటలేని వారికీ విద్య చేరవచ్చుననడానికి ఇంతకంటే పాత సాక్ష్యం మనకు అక్కర లేదు.

విద్య ఎవరి నుంచి వచ్చిందో చెప్పుకోవడం కూడా మన సంప్రదాయమే. మదరసాలో చదువు ముగించిన విద్యార్థికి సనదు ఇస్తాము. అతను హదీసును ఏ ఉస్తాదు వద్ద చదివాడో, ఆ ఉస్తాదు ఎవరి వద్ద చదివారో వరుసగా చెప్పగలగాలి. ఈ వరుసలోని వ్యక్తులను తూచేందుకు ఒక శాస్త్రమే వెలసింది. ఎవరు నిజాయితీపరులు, ఎవరి జ్ఞాపకశక్తి బలహీనం, ఎవరు ఎవరిని నిజంగా కలుసుకున్నారు అనే వివరాలతో హాఫిజ్ ఇబ్నె హజర్ అస్కలానీ (రహ్మలై) రచించిన 'తహ్జీబుత్ తహ్జీబ్' గ్రంథాన్ని 12 సంపుటాలుగా అచ్చువేసినది మన హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్. హిజ్రీ 1325లో, అనగా 1907లో ఆ ముద్రణ మొదలైంది. ఉల్లేఖకులను తూచే త్రాసును ప్రపంచానికి అచ్చులో అందించిన ఘనత ఈ నేలకు ఉంది. అటువంటి నేల మీద నిలబడి, పేరు లేని కబురును నమ్మి పంచడం మనకు తగునా?

మన మండలానికి దీని అవసరం

తిరుమలాయపాలెం ఖమ్మం జిల్లాలో, పాలేరు నియోజకవర్గంలో ఒక మండల కేంద్రం. పత్తి, మిర్చి, వరి, మొక్కజొన్న పండించే గ్రామాలు, లంబాడా తండాలు ఈ మండలంలో ఉన్నాయి. ఇక్కడ విశ్వవిద్యాలయం లేదు. ఇక్కడి నుంచి తూర్పుగా భద్రాచలం అడవుల వైపు సాగేకొద్దీ పల్లెలకు, నిపుణులకు మధ్య దూరం ఇంకా పెరుగుతుంది. ఇటువంటి చోట నమ్మదగిన సమాచారం సమయానికి అందడం విలాసం కాదు. రెండు సంఘటనలను గుర్తుచేసుకుంటే ఇది అర్థమవుతుంది.

మొదటిది మిర్చి. 2021 చివరలో, 2022 ఆరంభంలో తెలుగు రాష్ట్రాల మిర్చి పైర్ల మీద కొత్త రకం నల్ల తామర పురుగు విరుచుకుపడింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ పురుగును మన దేశంలో 2015లో బెంగళూరులో బొప్పాయి మీద తొలిసారి గుర్తించారు. పాత తామర పురుగు ఆకును ముడుచుకుపోయేలా చేస్తుంది. ఇది ముఖ్యంగా పూతలో దాక్కుని రసం పీలుస్తుంది. పూత రాలితే కాయ లేదు. ఖమ్మం జిల్లా రైతులు ఆ ఏడు చాలా నష్టపోయారు. పాత పురుగు అనుకుని, దొరికిన మందునల్లా మళ్లీ మళ్లీ పిచికారీ చేసినచోట పురుగును తినే మిత్రకీటకాలు చచ్చి, పురుగు మరింత పెరిగింది. నీలిరంగు జిగురు అట్టలు, వేపనూనె, జీవసంబంధ మందులు వాడమని, విచక్షణ లేకుండా మందులు కొట్టవద్దని శాస్త్రవేత్తలు చెప్పారు. ఈ సలహా మొదటి వారంలోనే చేరిన రైతుకూ, మూడవ నెలలో చేరిన రైతుకూ మధ్య తేడా ఒక సంవత్సరపు సంపాదన.

రెండవది వరద. 2024 ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబర్ 1న కురిసిన కుండపోత వానలకు ఆకేరు, మున్నేరు పొంగాయి. మన మండలంలోని రాకాసితండా ఆకేరు నీటిలో మునిగింది. ఖమ్మం పట్టణంలో మున్నేరు ఒడ్డున ఉన్న కాలనీలు జలమయమయ్యాయి. ఇటువంటి రాత్రి ఏ కబురు నిజం, ఏది పుకారు అని అప్పటికప్పుడు వెతకడం సాధ్యం కాదు. ఎవరిని నమ్మాలో ముందే నిర్ణయించుకున్న ఇల్లు మాత్రమే వేగంగా కదలగలదు. వలయాన్ని అవసరం రాకముందే కట్టుకోవాలి.

గొలుసు తెగిన కబురు

హదీసు శాస్త్రంలో ఉల్లేఖకుల గొలుసు మధ్యలో తెగితే ఆ ఉల్లేఖనాన్ని బలహీనమైనదిగా పరిగణిస్తారు. ఎవరో తెలియని వ్యక్తి ఆ గొలుసులో ఉన్నా అంతే. ఆ దృష్టితో చూస్తే, వాట్సాప్‌లో 'ఫార్వర్డెడ్' అనే గుర్తుతో వచ్చే సందేశం గొలుసు తెగిన కబురు. మనకు పంపిన బావమరిది మంచివాడే కావచ్చు. కానీ ఆయన దానిని రాయలేదు. ఆయనకు పంపినవారూ రాయలేదు. మొదట రాసినది ఎవరో ఎవరికీ తెలియదు. మనం నమ్ముతున్నది బావమరిదిని, సందేశాన్ని కాదు. ఈ రెండింటినీ కలిపివేయడంలోనే ప్రమాదం ఉంది.

2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న కబుర్లు వాట్సాప్ ద్వారా తెలుగు రాష్ట్రాల్లో పాకాయి. ఏ పాపమూ ఎరుగని వారు మూకల చేతుల్లో దెబ్బలు తిన్నారు, ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది జూలై 1న మహారాష్ట్రలోని ధులే జిల్లా రైన్‌పాడా గ్రామంలో ఐదుగురిని కొట్టి చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ 'ఫార్వర్డెడ్' గుర్తును ప్రవేశపెట్టింది. మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా పరిమితి విధించింది. ఆ రోజుల్లో జోగుళాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు పోలీసులను పల్లెపల్లెకూ పంపి, జానపద కళాకారుల చేత పాటలు పాడించి, కబుర్లను నమ్మే ముందు విచారించమని ప్రజలకు బోధపరిచారు. యంత్రం పెట్టిన పరిమితి కంటే గడప వద్ద మనిషి చెప్పిన మాట బలమైనదని ఆ ప్రయత్నం చూపింది.

వార్త వచ్చినప్పుడు విచారించుకోమన్న ఆజ్ఞ దివ్యఖుర్ఆన్‌లోని 'అల్ హుజురాత్' సూరా ఆరవ ఆయతులో ఉంది. తెలియక ఒక జనసమూహానికి హాని చేసి, తరువాత పశ్చాత్తాపపడే స్థితి రాకూడదన్నదే అందులోని కారణం. విన్న ప్రతిదానినీ చెప్పుకుపోవడాన్ని ఖండించే ఉల్లేఖనాలను ఇమామ్ ముస్లిం (రహ్మలై) తమ 'సహీహ్' పీఠికలోనే ఉంచారు. ఈ నియమాన్ని మనం గ్రంథంలో చదివి, ఫోను పట్టగానే మరచిపోరాదు.

వలయాన్ని కట్టుకునే క్రమం

మొదటి మెట్టు, ఒకే విషయంతో ఆరంభించడం. మిర్చి సాగు, పదవ తరగతి గణితం, కుట్టుపని, అరబీ వ్యాకరణం, వాతావరణం, ఏదైనా కావచ్చు. ఏమి నేర్చుకోవాలో ఒక కాగితం మీద ఒక ప్రశ్నగా రాసుకోవాలి. ప్రశ్న లేకుండా ఫోను తెరిచినవారికి ఫోనే ప్రశ్నలను నిర్ణయిస్తుంది.

రెండవ మెట్టు, మనుషులను ఎంచుకోవడం. పది మంది చాలు. వారిలో మూడు తరగతులు ఉండాలి. బాధ్యత వహించే సంస్థలు ఒక తరగతి. స్వయంగా పని చేస్తూ అనుభవాన్ని రాసేవారు రెండవ తరగతి. మనతో సమానంగా నేర్చుకుంటున్నవారు మూడవ తరగతి. మొదటివారు లేకుంటే ఆధారం ఉండదు. రెండవవారు లేకుంటే ఆచరణ తెలియదు. మూడవవారు లేకుంటే ఉత్సాహం నిలవదు.

ఉదాహరణకు వాతావరణాన్ని తీసుకుందాం. భారత వాతావరణ శాఖ వారి హైదరాబాద్ కేంద్రం ప్రకటనలు మొదటి తరగతికి చెందుతాయి. వారి రంగుల అర్థం ఇంట్లో అందరికీ తెలియాలి. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోమని. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి 'సచేత్' యాప్ కూడా ఈ తరగతిదే. 'తెలంగాణ వెదర్‌మ్యాన్' అనే పేరుతో ఎక్స్‌లో రాసే ఔత్సాహికుని వంటివారు రెండవ తరగతి. ఏ ప్రాంతంలో మేఘం కదులుతోందో ఇటువంటివారు తేలిక మాటల్లో చెబుతారు. అయితే వారు అధికారులు కారు. వారి మాటను వాతావరణ శాఖ మాటతో కలిపి చదవాలి. ఏటి ఒడ్డు గ్రామాల్లో నివసిస్తూ నీటి మట్టాన్ని కళ్లారా చూసి చెప్పే బంధుమిత్రులు మూడవ తరగతి. ఈ మూడు కలిస్తేనే చిత్రం పూర్తవుతుంది.

సేద్యానికి వైరాలోని కృషి విజ్ఞాన కేంద్రం, వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి యూట్యూబ్ ప్రసారాలు, కిసాన్ కాల్ సెంటర్ సంఖ్య 1800-180-1551 ఉన్నాయి. ఉద్యోగ పరీక్షలకు చదివేవారికి టి-శాట్ విద్య, నిపుణ ప్రసారాలు ఉన్నాయి. పాఠశాల విద్యార్థులకు 2017లో ఆరంభమైన 'దీక్ష' వేదిక ఉంది. వీటిని ఆధారంగా పెట్టుకుని, వాటి చుట్టూ మనుషులను చేర్చుకోవాలి.

ఎంచుకునేటప్పుడు పేరు పక్కన ఉన్న నీలిరంగు టిక్కును చూసి మోసపోరాదు. ఒకప్పుడు ఎక్స్‌లో అది గుర్తింపునకు నిదర్శనంగా ఉండేది. 2023 నుంచి చందా కట్టినవారికి లభిస్తోంది. ప్రభుత్వ సంస్థలకు బూడిదరంగు టిక్కు ఉంటుంది. ఒక వ్యక్తిని తూచడానికి మూడు ప్రశ్నలు చాలు. ఆయన తన అసలు పేరుతో, తన వృత్తి చెప్పుకుని రాస్తున్నారా? చెప్పిన మాటకు ఆధారం చూపుతున్నారా? తప్పని తేలినప్పుడు బహిరంగంగా సరిదిద్దుకుంటున్నారా? మూడవ ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. సరిదిద్దుకోని వ్యక్తి ఎంత పండితుడైనా నేర్చుకునేవారికి ప్రమాదమే.

మూడవ మెట్టు, వరుసను మన చేతిలో ఉంచుకోవడం. ఈ వేదికలు మనకు ఉపయోగపడేదానిని కాక, మన చూపును ఎక్కువసేపు నిలిపేదానిని ముందు చూపిస్తాయి. కోపం, భయం, వింత ముందు వస్తాయి. అందుచేత ఎక్స్‌లో వేదిక ఎంచి చూపే వరుసను విడిచి, మనం అనుసరిస్తున్నవారి వరుసనే తెరవాలి. విషయానికొక జాబితా తయారుచేసుకునే సదుపాయం అక్కడ ఉంది. ఆ జాబితాను ఇతరులకు కనిపించకుండా కూడా ఉంచుకోవచ్చు. రోజుకు ఇరవై నిమిషాలు, ఒక నమాజుకు మరో నమాజుకు మధ్య నిర్ణీత సమయంలో, ఆ జాబితాను చదివి మూసివేయడం మంచి అలవాటు.

నాలుగవ మెట్టు, అడిగే మర్యాద. కొన్ని వారాలు వినకుండా అడగరాదు. అడిగే ప్రశ్నకు జవాబు అప్పటికే అక్కడ ఉందేమో వెతకాలి. అడిగినప్పుడు పూర్తి వివరాలు ఇవ్వాలి. 2018లో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో తొలిసారి బయటపడి, తరువాత మన మొక్కజొన్నకు పాకిన కత్తెర పురుగునే చూడండి. దాని తల మీద తిరగేసిన ఆంగ్ల అక్షరం 'వై' వంటి గుర్తు, తోక దగ్గర చతురస్రంగా నాలుగు నల్లని చుక్కలు ఉంటాయి. దూరం నుంచి తీసిన చేను ఫొటో పంపి మందు చెప్పమంటే ఏ శాస్త్రవేత్త అయినా ఏమి చెప్పగలరు? పురుగును దగ్గరగా తీసిన ఫొటో, పైరు వయస్సు, ఊరి పేరు, అంతకుముందు కొట్టిన మందు, తేదీ రాస్తే జవాబు సరిగ్గా వస్తుంది. మంచి ప్రశ్న సగం విద్య అని మా విద్యార్థులకు మేము చెబుతూ ఉంటాము. సలాము, పరిచయం, ప్రశ్న, కృతజ్ఞత, ఈ నాలుగూ ఉన్న సందేశానికి జవాబు రావడం అరుదుగా తప్పుతుంది.

ఐదవ మెట్టు, రాసిపెట్టుకోవడం, సరిచూసుకోవడం. ఫోనులో చూసినది ఫోనులోనే మరుగునపడుతుంది. ఒక నోటుపుస్తకంలో తేదీ, చెప్పినవారి పేరు, మాట సారాంశం రాయాలి. ముఖ్యమైన మాటను రెండవ ఆధారంతో పోల్చకుండా ఆచరించరాదు. హైదరాబాద్‌లో 1908లో జన్మించి, పారిస్‌లో జీవితంలో అధిక భాగం గడిపిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (రహ్మలై) గారు హజ్రత్ అబూ హురైరా (రజి) శిష్యుడైన హమ్మామ్ బిన్ మునబ్బిహ్ సంకలనాన్ని వెలుగులోకి తెచ్చారు. బెర్లిన్‌లోని ప్రతిని, డమాస్కస్‌లోని ప్రతిని పక్కపక్కన పెట్టి పోల్చిన తరువాతే 1953లో ప్రకటించారు. ఆ ఓపికలో కొంతైనా మనకు ఉండాలి. ప్రజల నోట నానుతున్న వార్తను సరిచూసుకునేందుకు హైదరాబాద్ కేంద్రంగా తెలుగులో కూడా రాస్తున్న 'ఫ్యాక్ట్‌లీ', కేంద్ర ప్రభుత్వపు 'పీఐబీ ఫ్యాక్ట్ చెక్' ఉన్నాయి.

ఆరవ మెట్టు, తిరిగి ఇవ్వడం. సలహా తీసుకున్నవారు ఫలితాన్ని చెప్పాలి. మందు పనిచేసిందా, లేదా, ఎన్ని రోజులకు? పాఠం అర్థమైందా, ఎక్కడ చిక్కు వచ్చింది? ఇది చెప్పకపోతే వలయం ఒకవైపు ప్రవాహంగా మారి ఎండిపోతుంది. విద్యను దాచడం మన ధర్మంలో నింద్యమైన పని. తెలుగు వికీపీడియా ఇందుకు చక్కని నమూనా. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారు ప్రారంభించిన ఈ విజ్ఞాన సర్వస్వాన్ని జీతం లేని స్వచ్ఛంద రచయితలే పెంచారు. అక్కడ 'రచ్చబండ' అనే పేజీలో కొత్తవారు సందేహాలు అడుగుతారు, అనుభవజ్ఞులు చెబుతారు. ఆధారం లేని వాక్యం పక్కన ఆధారం చూపమని గుర్తు పెడతారు. మన గ్రామం గురించి ఒక వాక్యం ఆధారంతో చేర్చిన విద్యార్థి, నేర్చుకోవడం నుంచి నేర్పడంలోకి అడుగు పెడతాడు.

ఆడపిల్లలు, గోప్యత, హద్దులు

ఆడపిల్లల చేతికి ఫోను ఇస్తే చెడిపోతారని చెప్పేవారు ఇంకా ఉన్నారు. ఉత్తరాల ద్వారా నగరాలకు విద్య పంచిన హజ్రత్ ఆయిషా (రజి) గారి సమాజంలో ఈ మాట చెల్లదు. భయానికి కారణమైన విషయాలను తొలగించాలి గాని, విద్యను కాదు. వాట్సాప్ సమూహంలో చేరితే మన ఫోను సంఖ్య సభ్యులందరికీ కనిపిస్తుంది. 2023లో మన దేశంలో ప్రవేశించిన వాట్సాప్ ఛానెల్‌ను అనుసరిస్తే మన సంఖ్య తోటి అనుసరించేవారికి కనిపించదు. అపరిచితులున్న సమూహాల కంటే ఆడపిల్లలకు ఛానెళ్లు మేలు. సమూహమే కావాలంటే తెలిసిన ఉపాధ్యాయినులు, తోటి విద్యార్థినులు మాత్రమే ఉన్నది ఎంచుకోవాలి. సొంత ఫొటోలు, ఇంటి చిరునామా, పాఠశాల పేరు బహిరంగ వేదికలో పెట్టరాదు. ఈ నియమం మగపిల్లలకూ వర్తిస్తుంది. వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో పార్లమెంటు చేసిన చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగానే పరిగణించి, వారి సమాచారం వాడేందుకు తల్లిదండ్రుల అనుమతి అవసరమంటుంది. చట్టం ఇచ్చిన ఈ బాధ్యతను తల్లిదండ్రులు గూఢచర్యంగా కాక, పిల్లల పక్కన కూర్చుని చదవడంగా నెరవేర్చాలి.

విద్య పేరిట డబ్బు అడిగేవారిని, ఓటీపీ అడిగేవారిని, ఇంట్లో కూర్చుని వేలు సంపాదించే విద్య నేర్పుతామనేవారిని దూరంగా ఉంచాలి. మోసపోయినట్లు తెలిసిన గంటలోనే 1930 సంఖ్యకు ఫోను చేస్తే డబ్బు ఆగే అవకాశం ఎక్కువ. సిగ్గుపడి దాచుకుంటే నష్టం స్థిరపడుతుంది.

వేదికలను నమ్మి విద్యను అక్కడే వదిలివేయరాదు. తెలుగుతో సహా భారతీయ భాషల్లో రాసుకునేందుకు 2020లో ఎంతో ఆర్భాటంగా వచ్చిన 'కూ' అనే మైక్రోబ్లాగింగ్ వేదిక 2024 జూలైలో మూతపడింది. అక్కడ ఏర్పడిన పరిచయాలను బయట కూడా నిలుపుకున్నవారికి వలయం మిగిలింది. వేదిక అద్దె ఇల్లు వంటిది. మనుషులతో సంబంధం, నోటుపుస్తకంలోని రాత, ఇవి మాత్రమే మన సొంతం.

ఫోను నేర్పలేనివి కూడా ఉన్నాయి. ఖుర్ఆన్ పారాయణంలో అక్షరం గొంతులో ఏ చోటు నుంచి పలకాలో ఉస్తాదు ఎదుట కూర్చుని, ఆయన చెవి పరీక్షకు నిలిచి నేర్చుకోవలసిందే. వీడియో చూసి అనుకరించిన పిల్లవానికి తన తప్పు తనకు వినిపించదు. ధర్మసందేహాల విషయంలోనూ అంతే. ప్రశ్న అడిగినవారి స్థితిగతులు తెలియకుండా ముక్కూమొహం ఎరుగని వ్యక్తి ఇచ్చే తీర్పు మీద వివాహాలను, వారసత్వాలను నడపరాదు. వైద్యం కూడా అదే కోవలోనిది. వలయం మనలను సరైన గురువు వాకిటిదాకా తీసుకుపోతుంది. లోపలికి నడవవలసింది మనమే.

ఈ నెలలో చేయదగినది

ప్రతి కుటుంబం ఒక సాయంత్రం ఇషా నమాజు తరువాత ఫోనులన్నీ ముందు పెట్టుకుని కూర్చోవాలని మా మనవి. ఎన్ని సమూహాల్లో ఉన్నామో లెక్కించాలి. గత నెలలో ఏ సమూహం నుంచి ఏమి నేర్చుకున్నామో ఒక్కొక్కరు ఒక్క మాటలో చెప్పాలి. చెప్పలేని సమూహాల నుంచి వైదొలగాలి. బంధుత్వం కోసం ఉండవలసినవి ఉంటాయి, వాటి శబ్దాన్ని నిలిపివేస్తే చాలు. తరువాత ఇంటి మొత్తానికి ఒక విషయం, పిల్లలకు ఒక్కొక్కరికి ఒక విషయం నిర్ణయించి, పది పేర్ల జాబితా రాయాలి. వాన ముప్పు వచ్చినప్పుడు ఎవరి ప్రకటన చూడాలో ఆ కాగితం మొదటి వరుసలోనే ఉండాలి. ఎవరు రాశారో తెలియని సందేశాన్ని ఈ ఇంటి నుంచి ముందుకు పంపము అన్న నియమాన్ని అందరూ కలిసి ఒప్పుకోవాలి.

ఆ జాబితాను గోడకు అతికించండి. ఆరు నెలలకు ఒకసారి తిరిగి చూసి, ఉపయోగపడని పేరు కొట్టివేసి, మేలైనది చేర్చండి. అల్లాహ్ మనకు మేలు చేసే విద్యను ప్రసాదించుగాక, విన్నదానిని తూచే వివేకాన్ని అనుగ్రహించుగాక.